పదమూడో రౌండు

జిమ్‌లో కరెంటు పోయినా ఓడార్టే రింగు దిగలేదు. అక్రా నగరానికి ఇప్పటి బాక్సింగ్ చాంపియన్ అతనే. యాభై ఏళ్ల కిందటి చాంపియన్ అయిక్వే చనిపోయి చాలాకాలమైనా, ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని గాలిలో గుద్దుతున్నాడు.

"చచ్చినోడితో పోటీ ఏంట్రా? ఇంటికి పద," అన్నాడు గంట దగ్గర కూర్చున్న ముసలి కోచ్ తెత్తే.

"ఆయన ముందు నేను నిలవలేనని రోజూ దెప్పేది నువ్వే కదా తాతా. పన్నెండు రౌండ్లూ నిలబడతా, చూడు."

పన్నెండో రౌండు ముగియగానే తెత్తే సుత్తితో గంట కొట్టాడు. ఓడార్టే చేతులు వేలాడేశాడు. అతని పెదవి చిట్లి నెత్తురు కారుతోంది.

"అయిపోయింది కదా తాతా?"

ఎదురు మూలలో, ఎవరో లేచినట్టు స్టూలు కిర్రుమంది. సుత్తి తెత్తే ఒళ్లోనే ఉంది. అయినా గంట మోగింది.

"ఆయన కాలంలో పదిహేను రౌండ్లు, నాయనా," అన్నాడు తెత్తే.