తాతగారి లిస్టు

"ఎవరూ తీసుకెళ్లని పుస్తకాల లిస్టు ఇస్తావా అమ్మా?"

లైబ్రరీలో కొత్తగా చేరిన కంప్యూటరమ్మాయికి నవ్వొచ్చింది. అందరూ బాగున్న పుస్తకం ఏదని అడుగుతారు. ఈ పెద్దాయన తిరగేసి అడుగుతున్నారు.

ఐదేళ్లలో బయటికి వెళ్లిన పుస్తకాలను చూపించమని కంప్యూటర్‌ని అడిగే ప్రశ్నకు, ‘కానివి’ అని అర్థమొచ్చే ‘నాట్’ అనే ఒక్క మాట చేర్చింది. వెళ్లినవన్నీ తప్పుకున్నాయి. ఎవరూ ముట్టనివి రెండు వందల పైచిలుకు తెర మీద మిగిలాయి.

ఏడాది చివర్లో తూకానికి వెళ్లబోయేవి అవే. ఐదేళ్లు ఎవరూ తీసుకోని పుస్తకాన్ని తీసేయాలని ఓ పాత రూలు. ఏరే ఓపిక లేక ఏళ్లుగా మూలన పడి ఉంటే, కంప్యూటర్ రాగానే పై అధికారికి గుర్తొచ్చింది.

ఆ రోజు నుంచి ప్రతి శనివారం ఆయన నాలుగు పుస్తకాలు తీసుకెళ్లేవారు. తేనెటీగల పెంపకమా, గడియారాల రిపేరా అని చూసేవారు కాదు. రిజిస్టర్లో సంతకం మాత్రం రెండు వరసలు మింగేసేది.

"పక్కవాళ్లకి కాస్త చోటు వదలండి తాతగారూ" అని ఆటపట్టించేది.

ఆయన నవ్వి, తెర వైపు మెడ సాచి, "ఇంకా ఎన్నున్నాయమ్మా?" అనేవారు.

అన్నీ చదువుతున్నారా అని ఒకసారి అడిగింది.

"చదవడానికి కాదమ్మా. ఒకప్పుడు లారీడు పుస్తకాలు ఈ గేటు దాటి పోవడం చూశాను. మళ్లీ చూడలేను."

ఎంత హాయైన శనివారాలవి! ఇప్పటికీ శనివారం గేటు చప్పుడైతే ఆమె తలెత్తి చూస్తుంది.

ఇంకా తొమ్మిది మిగిలి ఉండగా ఆయన రాలేదు. తర్వాతి వారం ఆయన కోడలు వచ్చి, చివరి నాలుగు పుస్తకాలూ కౌంటర్ మీద పెట్టి కళ్లు తుడుచుకుంది.

ఆ తొమ్మిదీ కంప్యూటరమ్మాయి తన కార్డు మీద తీసుకుంది.

ఏడాది చివర్లో అధికారి లిస్టు అడిగాడు. తెర మీద ఒక్క పుస్తకమూ లేదు. ప్రోగ్రాం తప్పేమోనని విసుక్కున్నాడు.

ప్రోగ్రాం సరైనదే. ఈ రూలే మార్చమని అర్జీ పెడదామని, అసలు కాగితం కోసం ఆమె బీరువాలో పాత ఫైలు వెతికి తీసింది.

నలభై ఏళ్ల నాటి ఆ రూలు కింద, ‘లైబ్రేరియన్’ అన్నచోట, రెండు వరసలు మింగేసిన సంతకం ఉంది.