జెండా లేని ఎంబసీ

"జెండా ఏదండీ?" గుమ్మంలో నిలబడే అడిగాడు కృపానందం.

శాంతరాజు కుర్చీలోంచి సగం లేచి, ఆ సగంలోనే ఆగిపోయాడు. వారం రోజులుగా అద్దం ముందు సాధన చేసిన నాలుగు వాక్యాల్లోనూ జెండా ప్రస్తావన లేదు.

"లోపలికి రండి బావగారూ. ఇంత ఎండలో ఫుజైరా నుంచి వచ్చారు. ముందు టీ తాగండి."

'బావగారూ' అనగానే ఆయన ముఖం అదోలా అయింది. తొందరపడ్డానేమో అనుకున్నాడు శాంతరాజు. సంబంధం ఇంకా కుదరలేదు మరి. అమ్మాయి దయాకుమారి ఫుజైరాలో నర్సు. "అమ్మాయి తరఫున ఎవరో వచ్చి నీ ఉద్యోగం చూసి వెళ్తారు, ఒద్దికగా మసులుకో" అని పాలకొల్లు నుంచి నాన్న రాశాడు. ఈయన దయాకుమారి పేరు చెప్పుకుని వచ్చాడు, నలభైకి ఇవతలే ఉన్నాడు. అన్నగారే అయ్యుంటాడు.

మిషన్ ఆస్పత్రిలో వార్డుబాయిగా చేసే నాన్న, కొడుకు దుబాయ్‌లో ఎంబసీ ఆఫీసరని చర్చిలో బల్లబల్లకీ చెప్పాడు. పాపం, ఆయన కల్పించింది కాదు. తైవాన్ వాళ్ల వాణిజ్య కార్యాలయంలో టైపిస్టుగా చేరిన రోజు 'ఎంబసీలాంటి చోట చేరాను' అని రాసింది శాంతరాజే. ఆ వయసులో అలా రాయాలనిపిస్తుంది. ఇప్పుడు ముప్ఫై రెండు. రెండు సంబంధాలు జారిపోయాయి. ఈయన ఊరికి ఒక్క ఉత్తరం రాశాడంటే మూడోదీ ఖలాస్.

"ఎంబసీ అని విన్నాను. బయట బోర్డు మీద ఆ మాటే లేదు" అన్నాడు కృపానందం.

"ఉండదండీ. అనకూడదు."

"మరి అంబాసిడరు?"

"ముదీర్ అంటాం, అరబ్బీలో మేనేజరన్నమాట. అంబాసిడరు చేసే పనులన్నీ చేస్తారు. అంబాసిడరు అని పిలిస్తే మటుకు ఊరుకోరు."

"అదేం దేశమండీ బాబూ!"

శాంతరాజు గొంతు సవరించుకున్నాడు. భీమవరం కాలేజీలో మూడేళ్లు రాజనీతి శాస్త్రం చదివింది ఈ ప్రశ్న కోసమే అనిపించింది. వాళ్ల వంశంలో తొలి బి.ఏ. అతనే. మూడో తరగతే అనుకోండి. ఆ డిగ్రీ దుబాయ్‌లో అడ్రసు తెలియని ఉత్తరంలా ఇంతకాలం పడి ఉంది.

"దీవి దేశమండీ. అధ్యక్షుడున్నాడు, సైన్యముంది, సొంత డబ్బుంది. పోయినేడాదే సైనిక చట్టం ఎత్తేశారు. ప్రతిపక్ష పార్టీ కూడా పుట్టి ఎన్నికల్లో నిలబడుతోంది. అన్నీ ఉన్నాయి, గుర్తింపు ఒక్కటే లేదు. అది మాదే, వేరే దేశం కాదు అంటుంది పెద్ద చైనా. నాలుగేళ్ల కిందట ఈ ఎమిరేట్స్ వాళ్లు చైనాతో చెయ్యి కలిపారు. ఇక వీళ్లతో బాహాటంగా ఉండటానికి లేదు."

కృపానందం టీ కప్పు పక్కన పెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"బాహాటంగా లేకపోతే మరెలా ఉంటారు?"

"గుట్టుగా ఉంటారండీ. రాకపోకలుంటాయి, మంచిచెడ్డలుంటాయి. పదిమందిలో మటుకు ఒకరినొకరు ఎరగనట్టే."

"కష్టం కదండీ."

"అలవాటైపోతుంది."

"అవదండీ!" అన్నాడు కృపానందం, కొంచెం గట్టిగానే.

శాంతరాజు బల్ల మీది కాగితాలు సర్దాడు. ఉద్యోగం ఎంత గట్టిదో వేలితో కొట్టి చూస్తున్నాడీయన, కుండని చూసినట్టు.

"కాగితం ఉందనుకోండి. ముద్ర కూడా పడింది. పెద్దలు ఒప్పుకోకపోతే ఆ కాగితం చెల్లుతుందా?"

"మా వీసాలు అంతేనండీ. పాస్‌పోర్టు మీద కాకుండా విడి కాగితం మీద ముద్ర వేసిస్తాం. భేషుగ్గా చెల్లుతుంది."

"పెద్దలు ఒప్పుకునేదాకా ఎన్నాళ్లు ఆగాలి?"

"ఆగడం దేనికండీ? ఇరవై పైచిలుకు దేశాలు ఒప్పుకున్నాయి. పక్కనున్న సౌదీలో అసలు సిసలు ఎంబసీయే ఉంది. మిగతావాళ్లు కాదన్నంత మాత్రాన దీవి మునిగిపోయిందా? ఉన్నదాన్ని లేదనడం అనేవాడి ఇబ్బంది బావగారూ, ఉన్నదానికి కాదు."

ఇంత మంచి వాక్యం తన నోట్లోంచి ఎలా వచ్చిందో శాంతరాజుకే తెలియలేదు. పరీక్షలో వచ్చి ఉంటే రెండో తరగతి దక్కేది. కృపానందం ఆ మాటను పెదవులతో మళ్లీ ఒకసారి అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి ముదీర్ కేక. "రాజూ! టీ!"

చూడవచ్చిన పెద్దమనిషి చూస్తుండగానే ఎంబసీ ఆఫీసరుగారు ట్రే పట్టుకుని లోపలికి పరిగెత్తారు. తిరిగొచ్చేసరికి కృపానందం లేచి నిలబడి ఉన్నాడు. అంతా అయిపోయిందనుకున్నాడు శాంతరాజు.

"దయాకుమారి గారి గురించి ఒక్క ముక్కయినా చెప్పలేదు మీరు" అన్నాడు నీరసంగా.

"ఓర్పు గల మనిషండీ. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చి కూడా నవ్వుతూ తలుపు తీస్తుంది." ఆయన శాంతరాజు రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరు టీ ఇచ్చే ఉద్యోగమే చెయ్యండి, టైపు కొట్టే ఉద్యోగమే చెయ్యండి, మంచివారు. నేనిక్కడికి రావడమే మేలయింది."

ఆ రోజు శాంతరాజు నాన్నకు రాశాడు: 'పాసయ్యాను.'

పన్నెండో రోజున ఫుజైరా నుంచి ఉత్తరం వచ్చింది. కవరు మీద ఆడవాళ్ల గుండ్రటి దస్తూరీ. శాంతరాజు లేచి, తల దువ్వుకుని, మళ్లీ కూర్చుని విప్పాడు.

'శాంతరాజు గారికి దయాకుమారి వందనాలు. ఆ రోజు మీరు చెప్పినదంతా ఆయన పొల్లుపోకుండా నాకు చెప్పారు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. నా మనసులో మాట నాన్నగారికి రాసేశాను.'

అక్కడ ఆగి, దుబాయ్ డేరా బజారులో సూటు బాగా కుట్టే దర్జీ ఎవరా అని కాసేపు ఆలోచించాడు. తర్వాత కాగితం తిప్పాడు.

'మీకు నిజం చెప్పేద్దామనే ఆయన వచ్చారు. మీ మర్యాద చూశాక నోరు పెగల్లేదట. మమ్మల్ని క్షమించండి.

ఆయన మా అన్న కాదండీ, నా భర్త.'