బ్రేకులో గాలి

"అమ్మా, బయటికి రా. కారు కొనుక్కోవడానికి డేల్ అంకుల్ వచ్చారు," అని కిర్‌స్టెన్ గరాజు గుమ్మం నుండి తల్లిని పిలిచినది.

మూడు లక్షల మైళ్లు నడిచిన ఆ ఎర్రని స్పోర్ట్స్ కారు వెనుక చక్రం చెంత, తల్లి ఐలీ వెల్లకిలా పరుండి పానా తిప్పుతున్నది.

"అమ్ముతానని ఎవరన్నారు?"

"నాన్న పోయి ఏడాదైంది. ఈ ముసలి బండికి ఇంక రిపేర్లు ఎవరు చేస్తారమ్మా?"

"రోజర్ అన్న చెయ్యి పడితేనే కదిలే బండి ఇది, వదినా," అని డేల్ జాలిగా నవ్వినాడు.

"మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు తినేసిన బ్రేకు గొట్టాలు మార్చేశాను. లోపల చేరిన గాలి తీయాలి. ఒకరు పెడలు తొక్కిపట్టాలి, ఒకరు కింద మర వదులు చేయాలి. ఎక్కు, కిర్‌స్టెన్."

కూతురు అయిష్టంగానే సీటులో కూర్చున్నది. "నాన్న కింద ఉంటే నువ్వూ ఇలాగే తొక్కేదానివా?"

"నేనా? ముప్పై ఏళ్లూ తొక్కింది మీ నాన్నే. పాపం, ఆయనకు పానా పట్టుకోవడమే రాదు. మీ కార్ల క్లబ్బులో కోతలు కోసేది ఆయన, ఇక్కడ మరలు బిగించేది నేను."

కిర్‌స్టెన్ స్టీరింగును ఒకసారి నిమిరి, పెడలుపై పాదమును బలంగా మోపినది.

"అంకుల్, మీ ట్రక్కు దారికి అడ్డంగా ఉంది. కాస్త తీయండి, మేం బయటికి రావాలి."