గుండెకు దగ్గరి చుట్టం

"నిజం చెప్పత్తా. నాన్న తిండిలో ఉప్పెవరు కలుపుతున్నారు?"

మేనత్త కూరలు తరుగుతున్న చాకు పక్కన పెట్టింది. "కలపడానికి ఇంట్లో ఉప్పుంటేగా? డబ్బా నీ బీరువాలోనాయె, తాళం చెవి నీ దగ్గరాయె."

"మరి ఆ కాళ్ళేమిటి?"

హాల్లో కిటికీ పక్కన తండ్రి కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నాడు. జీవితమంతా కుట్టుమిషను తొక్కిన కాళ్ళు ఇప్పుడు ఉబ్బిపోయి చెప్పుల్లో దూరడం లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎన్ని మాత్రలు మింగినా రక్తపోటు దిగనంటోంది.

ఆయన మాత్రం హుషారుగానే ఉన్నాడు. ఒక పూట చెల్లెలు వండే చప్పిడి కూర, మిగతా రెండు పూటలా కూతురు తెచ్చిన ప్యాకెట్ సూపు, నాలుగు బ్రెడ్డు ముక్కలు. ఇంటికెవరొచ్చినా ఆ సూపు పెట్టె చేతిలో పెట్టి, "చదవండి, ఏం రాశారో చదవండి" అనేవాడు. వాళ్ళు చదవకపోతే తనే పైకి చదివేవాడు: "మీ గుండెకు దగ్గరి చుట్టం!"

కూతురి అనుమానమల్లా అత్త మీదే. అన్నయ్య చప్పిడి కూరలు తింటుంటే చూడలేక చాటుగా చిటికెడు వేస్తోందని. ఒకరోజు అత్త స్నానానికి వెళ్ళగానే ఆమె సంచి మంచం మీద బోర్లించింది. దువ్వెన, కళ్ళజోడు, మడత పెట్టిన చీర.

"ఏం దొరికిందే?" గుమ్మంలోంచి అత్త గొంతు.

తడి జుట్టుతో నిలబడి చూస్తోంది. కూతురు తగ్గలేదు. "దొరక్కుండా దాచడం నీకు తెలీదా ఏంటి?"

అత్త దువ్వెన, కళ్ళజోడు ఏరుకుంది. చీర మళ్ళీ సంచిలో పెట్టుకుంది. మధ్యాహ్నానికల్లా కొడుకింటికి బయల్దేరింది.

"ఆపమ్మా దాన్ని" అన్నాడు తండ్రి.

"నువ్వు బాగుపడాలా వద్దా నాన్నా?"

వంట చేసే మనిషి పోయింది. కూతురికి ప్రకటనల కంపెనీలో ఉద్యోగం. దాంతో మూడో పూట కూడా సూపే అయింది. వారం తిరక్కుండానే ఒక పొద్దున తండ్రి ఊపిరందక గోడ పట్టుకుని జారిపోయాడు.

ఆస్పత్రిలో ఊపిరితిత్తుల్లో చేరిన నీరు తీసేదాకా ఆమె ప్రాణాలు ప్రాణాల్లో లేవు. కబురందిన అత్త కట్టుబట్టలతో పరుగెత్తుకొచ్చింది.

"ఆయన ఏమేం తింటున్నారో అన్నీ తీసుకురండి" అంది డాక్టరమ్మ.

కూతురు ఇంటికెళ్ళి సంచీ నింపుకొచ్చింది. డాక్టరమ్మ సూపు పెట్టె వెనక్కి తిప్పి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది.

"ఇది రోజుకెన్నిసార్లు?"

"మూడు పూటలా."

"ఈయన రోజంతా తినాల్సిన ఉప్పులో సగం పైచిలుకు ఒక్క గిన్నెలోనే ఉంది. ఆ బ్రెడ్డులోనూ ఉంది, నాలుకకి తెలీదంతే. మీరు డబ్బాకి తాళం వేసి, ఉప్పు ప్యాకెట్లలో కొనుక్కొస్తున్నారు." పెట్టె బల్ల మీద పడేసింది. "ముందు వైపు చూడండి, ఎంతెంత అక్షరాలో. గుండెకు చుట్టమట! రాసినవాళ్ళు ఒక్కసారి వెనక్కి తిప్పి చూసుకోరా?"

కూతురు తలెత్తకుండా పెట్టెను అక్షరాలు కిందికి వచ్చేలా బోర్లించింది.

"దాన్నేం అనకండమ్మా" అంది అత్త. "పెట్టె మీద ఉన్నది నమ్మి తెచ్చింది. దానికేం తెలుసు పాపం!"

ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది. కూతురు వరండాలోకి వచ్చి గోడకానుకుంది. అత్త వెనకే వచ్చింది.

"నీ సంచి వెతికానత్తా..."

"వెతికితే వెతికావు. అన్నయ్య దక్కాడు, అది చాలు. లోపలికి పోయి కూర్చో, నేను మొహం కడుక్కొస్తా."

తండ్రి మెలకువగానే ఉన్నాడు. ముక్కుకున్న గొట్టం సర్దుకుంటూ నవ్వబోయాడు. ఆమె మంచం అంచున కూర్చుని ఆయన పాదాల మీద చెయ్యి వేసింది. నొక్కిన చోట ఇంకా సొట్ట పడుతోంది.

"నాన్నా, ఇన్నాళ్ళు తాగావు కదా. ఒక్కసారి కూడా ఉప్పగా అనిపించలేదా?"

"ఎందుకనిపించలేదు? మొదటి గుక్కకే అనిపించింది."

"అనిపిస్తే చెప్పొద్దూ! ఎందుకు తాగావు?"

ఆయన ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఆ పెట్టె మీది మాట రాసింది నువ్వు కదమ్మా."