మూడో పిలుపు

"తప్పు రాసావు తల్లీ."

స్వాతి నోటుపుస్తకం మూసేసింది.

బిలాస్‌పూర్ జిల్లా కోర్టు వరండాలో ఒకే బెంచీ మీద చోటు దొరికింది. ఒక పక్క తను, ఒక పక్క తండ్రి సన్యాసిరావు. మధ్యలో వచ్చి ఇరుక్కున్న ఈ ముసలాయన పది నిమిషాల నుంచీ ఆమె పుస్తకంలోకే తొంగి చూస్తున్నాడు.

రేపు లా కాలేజీలో ఆమెకి మొదటి పరీక్ష. చట్టంలో వాడే యాభై పదాలు అర్థాలతో సహా రావాలి. ఇంకా ఇరవై కూడా రాలేదు.

"ఏం తప్పు?" అంది విసుగ్గా.

"ప్రతివాది అంటే నేరం చేసినవాడని రాసావు. కాదు. ఎవరి మీద సివిల్ దావా వేసారో వాడు ప్రతివాది. అంతే. అందులో నేరమేటీ లేదు, సిగ్గేటీ లేదు."

స్వాతి కొట్టేసి మళ్ళీ రాసింది.

ఆ తప్పు తనొక్కదానిదే కాదు. అమ్మ నీలవేణి కూడా సమన్లు దొంగలకే వస్తాయనుకుంది. తాముండే తార్‌బహార్ రైల్వే కాలనీలో నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని, వచ్చిన కాగితాన్ని బీరువాలో చీరల కింద దాచేసింది. నాన్నకి తెలిసేసరికి రెండు వాయిదాలు దాటిపోయాయి.

ఇది మూడోది. ఇవాళ కూడా హాజరు కాకపోతే లింగియాడీహ్‌లో కట్టుకున్న రెండు గదుల ఇల్లు పోయినట్టే. మార్చిలో నాన్న రిటైరై రైల్వే క్వార్టరు ఖాళీ చేస్తే, వెళ్ళాల్సింది ఆ ఇంటికే.

"ఎక్స్‌పార్టీకి అర్థం రాసావా?" ముసలాయన వదల్లేదు.

"రాసాను. ఒక పక్షం రాకపోతే, వాళ్ళు లేకుండానే విచారణ జరపడం."

"బాగుంది. రాలేదని ఎలా తేలుస్తారు?"

"అది సిలబస్‌లో లేదండీ."

"ఆ గుమ్మం కాడ ప్యూను మూడుసార్లు పేరు పిలుస్తాడు. మూడోసారి కూడా పలక్కపోతే లేనట్టే. గేటు కాడ టీ తాగుతున్నా లేనట్టే."

సన్యాసిరావు లేచాడు. రైల్వే షెడ్డులో నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఒక చాయ్ తాగొస్తానమ్మా. నిద్ర ఆగట్లేదు."

"ఎల్లకు బాబూ," అన్నాడు ముసలాయన. "మీదెన్నో నంబరు?"

"పద్దెనిమిది. ఇంకా తొమ్మిదే నడస్తంది."

"ఇక్కడ తొమ్మిది తర్వాత పదే వస్తాదని లేదు. మధ్యలోవి వాయిదా పడితే ఒక్క గెంతులో పద్దెనిమిదికి వచ్చేస్తారు."

"మా వకీలు చూసుకుంటాడు లెండి."

"ఏడీ?"

"పక్క కోర్టులో ఉన్నాడు. ఫోనెత్తట్లేదు."

"మరింకేటి చూసుకుంటాడు?"

"అచ్ఛా, అచ్ఛా. అయిదు నిమిషాలు," అంటూ సన్యాసిరావు ఫోను బెంచీ మీదే వదిలేసి మెట్లు దిగిపోయాడు.

"నాన్నని వెనక్కి పిలు తల్లీ."

స్వాతికి ఒళ్ళు మండింది. "తాతగారూ, మీకు వేరే పనేం లేదా? ఇల్లు పోతుందేమోనని మేం ఏడుస్తుంటే మధ్యలో మీ పాఠాలొకటి."

"ఇల్లు పోడమేటి?"

"దళారీ ఒకే జాగాని ఇద్దరికి అమ్మేసి పారిపోయాడు. ఆ రెండోవాడు మేం పైకప్పు వేసేదాకా ఊరుకుని, అప్పుడు మా మీద కేసేసాడు. అన్నం తినే మనిషి చేసే పనేనా?"

ముసలాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ మనిషిని చూసావా?"

"చూడాల్సిన ఖర్మ మాకెందుకు? వాళ్ళ తరఫునా వకీలే వస్తాడట. మీకు పుణ్యముంటుంది, నన్ను చదువుకోనివ్వండి."

"చదువుకో," అన్నాడాయన. ఆ తర్వాత పుస్తకం వైపు చూడలేదు.

స్వాతి గట్టిగా కళ్ళు మూసుకుని అఫిడవిట్‌కి అర్థం వల్లె వేస్తోంది.

"సన్యాసిరావు హాజిర్ హో."

కళ్ళు తెరిచేసరికి పక్కన ముసలాయన లేడు. ఊరికే సలహాలిచ్చి, అవసరానికి జారుకున్నాడు.

గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. "భయ్యా, పాపా చాయ్ పీనే గయే హై," అంది.

ప్యూను ఆమె వైపు కూడా చూడలేదు. "సన్యాసిరావు హాజిర్ హో."

నాన్న కోసం వెళ్తే గుమ్మం దగ్గర ఎవరూ ఉండరు. ఉంటే నాన్న రాడు. స్వాతి అక్కడే నిలబడి చున్నీ కొస నలుపుతోంది.

ప్యూను మూడోసారి పిలిచాడు.

"హాజిర్ హై," అని మెట్ల మీంచి కేక వచ్చింది.

ఆ కేక నాన్నది కాదు. ముసలాయన నాన్న చొక్కా చెయ్యి పట్టుకుని లాక్కొస్తున్నాడు. ఇద్దరికీ ఆయాసం. నాన్న చొక్కా ముందంతా చాయ్ ఒలికింది.

లోపల జడ్జిగారు తలెత్తి చూసి, ప్రతివాది హాజరని రాయించారు. జవాబు దాఖలు చేయడానికి నెల గడువిచ్చారు. అంతా అయ్యాక వాళ్ళ వకీలు కోటు తొడుక్కుంటూ వచ్చి, "నేను వచ్చేదాకా ఆగలేకపోయారా?" అని వాళ్ళ మీదే విసుక్కున్నాడు.

స్వాతి ఆయన మాట వినిపించుకోలేదు. ముసలాయన కాళ్ళకి దండం పెట్టాలని బయటికొచ్చి వెతికింది.

వరండా చివర అవతలి పక్షం వకీలు ఆయన్ని గోడవారకి నిలబెట్టి, తల పట్టుకుని అంటున్నాడు: "చంద్రమౌళీజీ, మీరు వేసిన కేసులో ప్రతివాదిని మీరే లాక్కొచ్చి నిలబెడితే, ఇక నేను మిమ్మల్ని ఎలా గెలిపించను?"