కత్తెర స్మారక ఉపకారవేతనం

“‘కీర్తిశేషులు’ అన్నది పేరుకి ముందు పెట్టమంటారా, కింది లైనులో పెట్టమంటారా మేడమ్?” బోర్డు నమూనా ముందుకు జరుపుతూ అడిగాడు ప్రిన్సిపాల్.

“ముందే పెట్టేయండి,” అంది లాండ్రీ మేడమ్.

ఊళ్లో ఏ వీధిలో చూసినా ఆమె లాండ్రీయే కాబట్టి అందరికీ ఆమె లాండ్రీ మేడమే. జర్నలిజం, కథారచన చదివే పిల్లల్లో ఏటా ఒకరి చదువు ఖర్చంతా తనే భరిస్తానంటూ కాలేజీకి వచ్చింది. దానికి ‘కత్తెర’ పేరు పెట్టాలి, స్మారక ఉపకారవేతనం అని పిలవాలి, అంతే. కత్తెర ఒకప్పుడు ఇంటింటికీ వెళ్లిన వారపత్రికకు సంపాదకుడు. ఎవరేం రాసి పంపినా సగం కోసిపారేసేవాడని కుర్ర రచయితలు కసికొద్దీ పెట్టిన పేరది. ఆయన దాన్నే దర్జాగా కలంపేరు చేసుకున్నాడు.

“ఆయనంటే మీకు ఎంత గౌరవమండీ!”

“ఆయన నాకు చేసినదానికి ఇది చాలా తక్కువండీ.”

ప్రిన్సిపాల్ మురిసిపోయాడు. ‘వార్త రాసేముందు రెండుచోట్ల కనుక్కోండర్రా’ అని క్లాసులో గొంతు చించుకునే మనిషే. డబ్బిచ్చే మనిషిని మాత్రం రెండో ప్రశ్న అడగలేదు.

ఇంట్లో మేడమ్ అక్క ఆహ్వానపత్రం చూసి అగ్గిమీద గుగ్గిలమైంది.

“మతి పోయిందా నీకు? నీ నవల మింగేసినవాడి పేరుతో డబ్బు పోస్తావా?”

నిజమే, మింగేశాడు. పగలంతా ఇస్త్రీ పెట్టె మోస్తూ, మిగిలిన వేళల్లో మేడమ్ పడుచువయసులో రాసుకున్న నవల అది. పనికిరాదని కబురు పంపాడు, రాతప్రతి మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఏడాది తిరక్కుండా అదే నవల తన పేరుతో ధారావాహికగా వేసుకున్నాడు. అన్నీ కత్తిరించేవాడు అందులో ఒక్క కామా కూడా కత్తిరించలేదు. ఆమె ఆఫీసుకు వెళ్లి నిలదీస్తే, “ఇస్త్రీ చేసే చేతులతో నవల రాశావా?” అని అందరి ముందూ పగలబడి నవ్వాడు. చుట్టూ ఉన్న ఉప సంపాదకులూ నవ్వారు. ఆమె మళ్లీ కలం ముట్టలేదు. ఆయన బహుమతుల మీద బహుమతులు అందుకున్నాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండిపోతుంది.

“అయినా పోయినవాడి మీద పగేంటే? వదిలెయ్,” అంది అక్క.

“మనిషి పోతే పగ పోతుందా అక్కా? ఆ నవల నాదని పదిమందిలో చెప్పాలి. కాదనడానికి ఆయనకి నోరుండకూడదు.”

“పోయినవాడికి నోరెక్కడుంటుంది?”

“నాక్కావలసిందీ అదే.”

సభరోజు హాలు కిటకిటలాడింది. వేదిక మీద నల్లటి మీసంతో, ఒత్తయిన క్రాపుతో నిండు యవ్వనంలో ఉన్న కత్తెర ఫోటో పెట్టారు. మేడమ్ తన కారు పంపి పొరుగూరి నుంచి పిలిపించిన పాత పరిచయస్థులు కొందరు ముందు వరసలో కూర్చున్నారు. ప్రిన్సిపాల్ అందరినీ ఒక్క నిమిషం లేచి నిలబడమన్నాడు. అందరూ లేచారు. ముందు వరసలో కొత్త కోటు వేసుకున్న ఒక బట్టతల పెద్దాయన మాత్రం నవ్వుమొహంతో అలాగే కూర్చున్నాడు. మోకాళ్ల నొప్పులేమోలే అని ఎవరూ పట్టించుకోలేదు.

తరవాత మేడమ్ మైకు అందుకుంది.

“ఈ ఉపకారవేతనానికి ఒకటే షరతు. తీసుకునేవాళ్లు ఏటా ఇదే వేదిక మీద నేను రాసిచ్చిన రెండు ముక్కలు చదవాలి. చదువమ్మా.”

ఆ ఏడు ఎంపికైన అమ్మాయి కాగితం విప్పి ఖంగుమనే గొంతుతో చదివింది: “కత్తెరకు పేరు తెచ్చిన నవల ఆయన రాసింది కాదు, కాజేసింది. రాసింది ఈ లాండ్రీ మేడమ్.”

హాలు ఒక్కసారి గతుక్కుమంది. ఆ వెంటనే వెనక బెంచీల పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు. అవి ముందు వరసల దాకా పాకాయి. మేడమ్ కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల కడుపుమంట చల్లారుతుంటే ఎంత హాయిగా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

“అబద్ధం!” బట్టతల పెద్దాయన చేతికర్ర ఊపుతూ లేచాడు. “పచ్చి అబద్ధం! అది కత్తెర నవలే!”

“పాత అభిమాని రా,” అన్నారెవరో. హాలంతా గొల్లున నవ్వింది. పెద్దాయన ఏదో అరుస్తున్నాడు, ఆ నవ్వుల్లో ఒక్క మాటా వినపడలేదు. మేడమ్ వేదిక మీద నుంచి ఆయన్నే కన్నార్పకుండా చూస్తూ, అందరికంటే గట్టిగా నవ్వింది.

ప్రిన్సిపాల్ పరుగున దిగి వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు.

“ఊరుకోండి పెద్దాయనా, పోయినవాళ్లని అంటే ఎవరికైనా బాధే. ఇంతకీ ఆ కత్తెరగారు మీకేమవుతారు?”

“కత్తెరంటే నేనే!”