శ్రుతి చెడగొట్టే అంబక్క

తంబురాలో చక్కగా కలిసిన పంచమం తీగను అంబక్క ఆ రోజు కూడా బిరడా తిప్పి చెడగొట్టింది.

మందాకినికి ఒళ్లు మండింది.

ధార్వాడలో పెద్ద గాయకుడు శేషగిరి బువా దగ్గర పాఠం దొరకడమే గొప్ప. చెవికి శ్రుతి నిలవక ఒకసారి రేడియో గాయకుల పరీక్ష పోగొట్టుకుంది. ఈసారీ పోతే పాట మానేసి బ్యాంకులో చేరతానని నాన్నకు మాటిచ్చింది.

బువా పాఠం వింతగా ఉంటుంది. శిష్యురాలు కళ్లు మూసుకోవాలి. బువా అక్కగారు అంబక్క తంబురా మీటుతుంది. పంచమం కిందికి జారిందో, పైకెక్కిందో, కలిసిందో చెప్పి, ఆ తర్వాతే పాడాలి. తప్పితే బువా కాసేపాగి, "కాదు, మళ్లీ విను" అంటాడు.

అంబక్క తమ్ముడి పంచన పడి తింటోందని శిష్యులందరి లెక్క.

ఇక ఆగలేక మందాకిని కళ్లు తెరిచింది.

"బువా, అవ్వకి చేతులు వణుకుతున్నట్టున్నాయి. రోజూ శ్రుతి చెడుతోంది. పరీక్షదాకా తంబురా నేనే మీటుకుంటాను."

బువా ముఖం పాలిపోయింది. అక్క వైపు చూశాడు.

అంబక్క మాత్రం నవ్వింది. "పిల్ల కోపంలోనూ న్యాయముందిరా శేషూ. గదగ్‌లో కూతురి దగ్గర కొన్నాళ్లుండి వస్తాలే."

ఆ రోజు నుంచి పాఠం హాయిగా సాగింది. ఏం పాడినా బువా "భేష్" అనేవాడు. పీడ వదిలిందనుకుంది మందాకిని.

అంతలో అంబక్క గదగ్‌లోనే పోయిందని కబురొచ్చింది. బువా దినాలు ముగించుకుని తిరిగొచ్చాడు. మందాకిని పైపైన రెండు ఓదార్పు మాటలు చెప్పి, తంబురా ఒళ్లోకి తీసుకుంది.

పాట మధ్యలో పంచమం వెంట్రుకవాసి జారింది. ఆమె చెవి ఇట్టే పట్టేసింది.

"భేష్" అన్నాడు బువా.

మందాకినికి అనుమానం తగిలింది. చేయి చాటుగా పోనిచ్చి బిరడాను బాగా వదులు చేసింది. వీధిలో పోయేవాళ్లకు కూడా తెలిసేంత అపస్వరం పలికింది.

"భేష్. పంచమం బాగా నిలిచింది" అన్నాడు బువా, ఆమె పెదవులనే చూస్తూ.

మందాకిని తంబురా పక్కన పెట్టింది. లేచి, ఆయన వెనక్కి వెళ్లి నిలబడింది.

"బువా" అని పిలిచింది. ఇంకాస్త గట్టిగా పిలిచింది.

ఆయన తల తిప్పలేదు.

భుజం మీద చేయి వేస్తే ఉలిక్కిపడ్డాడు. ఆమె ముఖం చూశాక ఆయనకు దాచే ఓపిక లేకపోయింది.

"నా చెవులు పోయి చాలా ఏళ్లయిందమ్మా. మాటలంటే పెదవుల్ని బట్టి పోల్చుకుంటాను, స్వరాన్ని ఎలా పోల్చుకోను? నీ చెవి పదునెక్కాలని అక్క తీగ కావాలనే జార్చేది, నువ్వు కళ్లు మూసుకుని తప్పు చెబితే నాకు తల అడ్డంగా ఊపేది" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నాళ్లూ ఈ ఇంట్లో నీ పాట విన్నది మా అక్క ఒక్కతే."